పిడికెడు ఎత్తు

మా ఊళ్ళో ఒక పొదకి మా అమ్మ పేరు ఉండేది. నాన్న పెట్టిన పేరు.

మాది పూలపొదలు పెంచి అమ్ముకునే ఊరు. విస్తులా నది ఒడ్డున ఇసుక నేల. గోధుమకి పనికిరాదు, తవూవాకి మాత్రం పుట్టిల్లు. తవూవా అంటే మోకాలి ఎత్తు గుబురు పొద. జూన్‌లో గులాబీ రంగు పూలు గుత్తులుగా పూస్తుంది. ఒక వసంతంలో మా మామూలు పచ్చ తవూవా మీద ఒక్క కొమ్మ వేరేగా చిగిర్చింది. చిగుళ్ళు రాగి రంగు, ముదిరిన ఆకులు తేనె రంగు. నాన్న ఆ కొమ్మని ముక్కలు చేసి ఇసుకలో గుచ్చి నాలుగు మొక్కలు చేశాడు. అవి పెరిగి పూసిన రోజు వంటింటి గుమ్మంలో నిలబడి, "పొట్టిది, ఊరికే ఎర్రబడుతుంది, ఎవరి మాటా వినదు. దీని పేరు స్తేఫా," అన్నాడు. అమ్మ పేరు స్తెఫానియా. ఆవిడ చేతిలో ఉన్న గరిటె నాన్న వీపు మీద పడింది.

కొన్నేళ్ళకి ఒక చలికాలంలో నాన్న పోయాడు. అమ్మ గాజు షెడ్డుకి తాళం వేసేసింది. వంటింటి గోడ పక్కన స్తేఫాలు మాత్రం మిగిలాయి.

ఆ చలికాలం దాటాక వచ్చిన జూన్‌లోనే దివ్యసత్ప్రసాద పండుగకి పీఠం కట్టే వంతు మాకొచ్చింది. ఫాదర్ గారు సత్ప్రసాదం పట్టుకుని నడిచే ఊరేగింపు నాలుగు చోట్ల ఆగుతుంది. ప్రతి చోటా ఒక ఇంటివాళ్ళు తమ గేటు ముందు పీఠం కట్టి, చుట్టూ బర్చ్ చెట్ల కొమ్మలు నిలబెట్టి, పూలు పెడతారు. ఫాదర్ గారు దీవెన ఇచ్చి ముందుకు కదలగానే జనం ఆ కొమ్మలు తుంచుకుని ఇళ్ళకి పట్టుకుపోతారు. పిడుగు పడకుండా చూరులో ఒకటి, పురుగు పట్టకుండా చేలో ఒకటి. పీఠం దగ్గర కొమ్మ తుంచేవాణ్ణి ఆపే హక్కు ఎవరికీ లేదు. అమ్మ ఆ రోజు స్తేఫాలని కుండీల్లోకి ఎత్తి పీఠానికి అటూ ఇటూ పెట్టింది. నాన్న ఎక్కడి నుంచో చూస్తున్నట్టు వాటి ఆకులు తడిగుడ్డతో తుడిచి మరీ పెట్టింది.

జెనోన్ బాబాయ్ నాన్నకి చిన్ననాటి స్నేహితుడు. శవపేటిక మోసినవాళ్ళలో ముందు వరసలో నిలబడినవాడు. జనమంతా బర్చ్ తుంచుకుంటుంటే ఆయన నేరుగా కుండీ దగ్గరికి వచ్చి స్తేఫా కొమ్మ విరిచాడు. ఇంకోటి విరిచాడు. టోపీ తిరగేసి అందులో నింపుకున్నాడు.

"బర్చ్ అటుంది, జెనోన్," అంది అమ్మ.

"దీవెన అన్ని కొమ్మల మీదా ఒకేలా పడుతుంది, స్తేఫా," అన్నాడు ఆయన. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. అమ్మ కూడా నవ్వాల్సి వచ్చింది.

జూన్ నెల లేత కొమ్మ తడి ఇసుకలో గుచ్చితే వేళ్ళు వేస్తుందని మా ఊళ్ళో నడక రాని పిల్లలకి కూడా తెలుసు.

నేను చెప్పేది ఆ తర్వాత మూడో వసంతం సంగతి. అంతకు ముందు ఏడే జెనోన్ బాబాయ్ పొలంలో రోడ్డు పక్క మడి నిండా రాగి చిగుళ్ళే. మడి చివర బోర్డు పెట్టాడు: "సాండ్రా. కొత్త రకం. మా నర్సరీలో పుట్టింది." సాండ్రా ఆయన కూతురు, పట్నంలో జుట్టు కత్తిరించే పని నేర్చుకుంటోంది. ఆ పట్నం వాళ్ళే తమ నడివీధి చౌకు చుట్టూ ఈ పొదలు నాటడానికి ఒప్పుకున్నారు. జూన్ పండుగ తర్వాత నాటి, పేరు రాసిన రాతిపలక కూడా పెడతారట. ఆదివారం పూజ అయ్యాక గుడి మెట్ల మీద ఆయనే అందరికీ చెప్పాడు. అమ్మ వింది. రాతి మీద చెక్కాక ఆ పొద ఎప్పటికీ సాండ్రానే. స్తేఫా అనే పేరు మా వంటింట్లో మేమిద్దరం అనుకునే మాటగా మిగిలిపోతుంది.

ఇంటికొచ్చి అమ్మ తలగుడ్డ విప్పి మడత పెట్టింది. మడత సరిగా రాలేదు. మళ్ళీ విప్పి మళ్ళీ మడిచింది.

* * *

ఫిబ్రవరి చివర్లో కత్తిరింపులకి రమ్మని జెనోన్ బాబాయ్ నాకు కబురు పెట్టాడు. ఆ నెలల్లో మా ఊరి ఆడవాళ్ళంతా ఎవరో ఒకరి నర్సరీకి వెళ్తారు. నా కోత నున్నగా ఉంటుందని పేరు. కబురు వచ్చినప్పుడు అమ్మ చారుకి బీట్‌రూట్ చెక్కు తీస్తోంది. చేతులు మణికట్ల దాకా ఎర్రగా ఉన్నాయి.

"వెళ్ళు," అంది.

"వాళ్ళింటికా?"

"వాళ్ళింటికే. నువ్వు వెళ్ళకపోతే, మనసులో ఏదో పెట్టుకున్నామనుకుంటాడు."

"పెట్టుకోలేదా?"

అమ్మ చెక్కు పూర్తిగా తీసి, దుంప నీళ్ళలో వేసి, అప్పుడు అంది. "వాడి మొక్కలకి ఇది మూడో ఏడు. జోజప్ప పండుగ నాడు పిడికెడు ఎత్తుకి కొడతాడు."

నాకు అర్థమైంది. తవూవా మొక్కకి మొదటి రెండేళ్ళు కొసలు మాత్రం గిల్లుతాం. మూడో ఏడు మార్చిలో, పునీత జోజప్ప పండుగ రోజు, నేల మీద పిడికిలి ఆనించి, ఆ పిడికిలికి పైన ఉన్నదంతా కోసేస్తాం. అప్పుడు మొదట్లోంచి కొత్త కొమ్మలు గుంపుగా లేచి పొద గుండ్రంగా కూర్చుంటుంది. మా తాతల నాటి నుంచీ అదే పద్ధతి. ఎవరూ ఆలోచించరు. పండుగ వచ్చింది, పిడికిలి పెట్టాం, కోశాం.

స్తేఫా దగ్గర ఆ పద్ధతి పనికిరాదు. దాని రంగంతా పైకొమ్మల్లోనే. మొదలు దగ్గర పాత పచ్చ తవూవా నిద్రపోతూ ఉంటుంది. పిడికెడు ఎత్తుకి కొడితే లేచేది అదే. నాన్న వాటి మూడో ఏడు ఒక మొక్కని అలవాటు కొద్దీ అలా కొట్టాడు. అది పచ్చగా లేచింది, పచ్చగానే ఉండిపోయింది. నాన్న రెండు రోజులు అన్నం ముట్టలేదు. అప్పటి నుంచి స్తేఫాని సగం ఎత్తులోనే కోసేవాడు. మొదలు దగ్గర పచ్చ పిలక కనిపిస్తే కత్తెర పెట్టకుండా బొటనవేలితో వేరు దాకా లాగేసేవాడు. ఈ సంగతి మా ఇంట్లో తప్ప ఎవరికీ తెలియదు.

"మరి చెప్పాలా, వద్దా?" అని అడిగాను.

అమ్మ చేతులు గుడ్డకి తుడుచుకుంది. "అడిగితే చెప్పు. నోరు తెరిచి, ఎడ్ముంద్ దీన్ని ఎలా కోసేవాడు అని అడిగితే, ఒక్క ముక్క దాచకు. మీ నాన్న చేతి మొక్క అది. దాన్ని చంపాలని నాకు లేదు."

"అడగకపోతే?"

"అడగకపోతే నువ్వు కూలికెళ్ళిన పిల్లవి. చెప్పిన పని చెయ్యి."

ఆ రాత్రి చారు తింటూ నాకు తెలిసింది, అమ్మ ఎంత చిన్న తలుపు తెరిచి పెట్టిందో. అందులోంచి రావాలంటే జెనోన్ బాబాయ్ తల వంచాలి. ఎలా కోయాలి అని అడగడమంటే, ఇది నాది కాదు అని ఒప్పుకోవడమే.

* * *

జోజప్ప పండుగ ముందు రోజు సాయంత్రం ఇర్మీనా పిన్ని మా గేటు దగ్గరికి వచ్చింది. జెనోన్ బాబాయ్ భార్య. నాన్న ఉన్న రోజుల్లో వారానికి రెండుసార్లు మా వంటింట్లో కూర్చుని అమ్మతో కలిసి దోసకాయలు ఊరేసేది. ఇప్పుడు గసగసాల కేకు గుడ్డలో చుట్టుకుని తెచ్చింది గాని గేటు దాటి లోపలికి రాలేదు.

"జోజప్ప పండుగకి చేశాను," అంది. ఆ పండుగకి ఆ పేరున్నవాళ్ళ ఇంటికి కేకు పట్టుకెళ్ళడం మా ఆచారం.

"మా ఇంట్లో జోజప్పలు ఎవరూ లేరుగా," అంది అమ్మ. కేకు మాత్రం తీసుకుంది.

ఇర్మీనా పిన్ని గోడ పక్కన మా స్తేఫాల వైపు చూసింది. ఆకు ఇంకా రాలేదు, వట్టి కొమ్మలే. అయినా సగం ఎత్తులో కోసిన పాత గాట్లు కనిపిస్తాయి చూసేవాళ్ళకి. పిన్ని చూసింది.

"స్తెఫానియా, నాకు మనసేం బాగాలేదు. రేపు అవన్నీ కొడతాడట. అది మామూలు తవూవా లాంటిది కాదేమో అనిపిస్తోంది నాకు. మీరు ఎలా కొడతారు?"

నేను అమ్మ మొహం వైపు చూశాను. ఒక్క క్షణం చెప్పేస్తుందనుకున్నాను.

"నువ్వు అడిగితే సరిపోదు, ఇర్మీనా. ఆయన్ని రమ్మను."

"రాడు. నీకు తెలుసుగా."

"ఇక్కడి దాకా రావడానికి కాళ్ళున్నాయిగా. అప్పుడు టోపీ పట్టుకుని వచ్చాడు."

పిన్ని మొహం ఎర్రబడింది. "మడంతా తగలబెట్టుకుంటాడు గాని వచ్చి నిన్ను అడగడు. నేనేం చెయ్యను?"

"ఏం చెయ్యకు. వెళ్ళి పడుకో. కేకు బాగుంటుంది, నీ చేతిది ఎప్పుడూ బాగుంటుంది."

పిన్ని వెళ్ళిపోయింది. అమ్మ కేకు గుడ్డ విప్పి, పెద్ద ముక్క కోసి నాకిచ్చింది. తను తినలేదు.

* * *

మర్నాడు చలిగా ఉంది గాని ఎండ వచ్చింది. మేం ఐదారుగురం ఆడవాళ్ళం మడి చివర నిలబడ్డాం. గేన్యా అత్త నా పక్క వరస. అరవై దాటిన మనిషి. ఆమె కత్తెర ఎంత ఆడుతుందో నోరూ అంత ఆడుతుంది.

"ఏం కింగా, మీ అమ్మ నిన్ను పంపిందే! నేనైతే ఈ మడిలోకి గొర్రెల్ని పంపుదును."

"గొర్రెలు నున్నగా కోయవు, అత్తా," అన్నాను.

గేన్యా అత్త గట్టిగా నవ్వింది. "మాట రాని పిల్ల అంటారు నిన్ను. రాకేం!"

జెనోన్ బాబాయ్ వచ్చాడు. మొదటి పొద ముందు మోకాలి మీద కూర్చుని, ఎప్పట్లాగే నేల మీద పిడికిలి ఆనించాడు. మాకు చూపించడానికి కత్తెర పిడికిలి మీద పెట్టాడు. పెట్టి ఆగాడు.

నేను సరిగ్గా ఎదురుగా ఉన్నాను. ఆయన తల ఎత్తి నన్ను చూశాడు. తర్వాత నా భుజం మీదుగా, రోడ్డు అవతల మా ఇంటి వైపు చూశాడు. మా వంటింటి పొగగొట్టం అక్కడి నుంచి కనిపిస్తుంది. పొగ వస్తోంది. ఆయన పెదవులు కొంచెం విడిపోయాయి.

"కింగా," అన్నాడు.

"ఆఁ, బాబాయ్."

అడుగు, అనుకున్నాను. అడగొద్దు, అని కూడా అనుకున్నాను. రెండోదే గట్టిగా అనుకున్నాను.

"నీ కత్తెర పదునుగా ఉందా?"

"ఉంది, బాబాయ్."

"అయితే చూస్తావేంటి? పిడికెడు ఎత్తు. ఎవరూ సొంత తెలివి చూపించక్కర్లేదు. ఈ మొక్కని ఇసుకలోంచి పెంచినవాణ్ణి నేను." ఆ చివరి మాట మిగతా ఆడవాళ్ళ వైపు తిరిగి అన్నాడు.

"అవునవును, నువ్వే కన్నావు," అంది గేన్యా అత్త. "టోపీలో మోశావుగా!"

ఆడవాళ్ళు మొహాలు తిప్పుకుని నవ్వారు. ఆయన మొదటి పొదని ఒక్క దెబ్బకి కోసేసి లేచి వెళ్ళిపోయాడు.

నేను పిడికిలి ఆనించాను. కోశాను. తర్వాతి పొద. పిడికిలి, కోత. నా చేతిలో ఎప్పుడూ లేనంత శుభ్రంగా వచ్చింది ఆ రోజు కోత. ఎక్కడా తొక్క చీలలేదు, ఎక్కడా మోడు పైకి మిగల్లేదు. మధ్యాహ్నం రొట్టె తినడానికి కూర్చున్నప్పుడు గేన్యా అత్త నా వరస చూసి, "కొలబద్ద మింగావా ఏంటే?" అంది.

* * *

ఏప్రిల్‌లో మోళ్ళలోంచి చిగుళ్ళు లేచాయి. గుంపులు గుంపులుగా, బలంగా, పచ్చగా లేచాయి.

మొదటి వారం జెనోన్ బాబాయ్ ఏమీ అనలేదు. రెండో వారం, "ఎండ చాల్లేదు, వేడెక్కితే రంగొస్తుంది," అన్నాడు. ఎరువు చల్లించాడు. పచ్చదనం ఇంకా పెరిగింది. రోజూ పొద్దున్నే మడి దగ్గర నిలబడి ఒక చిగురు తుంచి, ఎండకి ఎదురుగా పట్టి తిప్పి చూసేవాడు.

"మీ సాండ్రా ఇంటికొచ్చినప్పుడల్లా జుట్టుకి కొత్త రంగేసుకొస్తుంది," అంది గేన్యా అత్త కలుపు తీస్తూ. "ఈ సాండ్రా ఒక్క రంగుకీ ఒప్పుకోదేం, జెనోన్?"

"నీ పని చూసుకో."

"పనే చూస్తున్నా. పచ్చగా ఉన్నదే పీకమన్నావు. మడంతా పీకేయనా మరి?"

నేను కలుపు తీస్తూ కాలవ గట్టు దాకా వెళ్ళాను. ఆ చివరి పొదని ఎవరు కోశారో గాని పక్కకి వాలిన ఒక కొమ్మ కత్తెరకి దొరక్కుండా మిగిలిపోయింది. సగం ఎత్తు కొమ్మ. దాని నిండా చిగుళ్ళు. రాగి రంగు. ఎండ పడి వెలుగుతున్నాయి. అదే పొద మొదట్లో కోసిన చోటల్లా పచ్చ, కోయని చోట రాగి. ఒక్కసారి ఇక్కడ నిలబడి చూస్తే చాలు. ఎవరినీ అడగక్కర్లేదు.

జెనోన్ బాబాయ్ మడి ఆ చివరి నుంచి వస్తున్నాడు. పొద పొద దగ్గరా వంగి చూస్తూ వస్తున్నాడు.

అమ్మ చెప్పింది, అడిగితే దాచకు అని. ఆయన నన్ను అడగలేదు. నేను కొమ్మ మొదట్లో బొటనవేలు ఆనించి లాగాను. మెత్తగా ఊడొచ్చింది. ఏప్రన్ జేబులో పెట్టుకుని, మీద రెండు గుప్పిళ్ళ కలుపు వేసుకున్నాను.

"ఇటు చివర ఎలా ఉన్నాయి?" అని అడిగాడు దగ్గరికొచ్చి.

"అన్నీ ఒకేలా ఉన్నాయి, బాబాయ్."

ఇంటికెళ్ళి కొమ్మ తీసి వంటింటి బల్ల మీద పెట్టాను. అమ్మ దాన్ని చూసింది, నన్ను చూసింది. ఎక్కడిదని అడగలేదు. గాజు గ్లాసులో నీళ్ళు పోసి అందులో పెట్టింది. మర్నాడు నాన్న పోయాక మొదటిసారి గాజు షెడ్డు తాళం తీసింది. తుప్పు పట్టి రాకపోతే సుత్తితో కొట్టింది.

* * *

మే నెల మధ్యలో మంచు పునీతులు ముగ్గురూ వచ్చారు. ప్రతి ఏడూ వాళ్ళ పండుగల రోజుల్లోనే ఆఖరి చలి పడుతుంది, వాళ్ళ వెనకే చలి సోఫియా అని మేం పిలిచే పునీతురాలు వస్తుంది. ఆ ఏడు సోఫియా బలంగా కొట్టింది. తెల్లారేసరికి ఊళ్ళో తవూవా కొసలన్నీ నల్లబడ్డాయి. అందరూ ఏడ్చారు. జెనోన్ బాబాయ్ ఒక్కడే ఊపిరి పీల్చుకున్నాడు. చాలా రోజుల తర్వాత ఆయన గొంతు పెరిగింది.

"చూశారా? చలి! నేల లోపల ముందు నుంచే చలి ఉంది. రంగు చచ్చిపోయింది అందుకే."

"స్తెఫానియా ఇంట్లోవి బాగానే ఉన్నాయిగా," అంది గేన్యా అత్త.

"వాటికి వంటింటి గోడ ఉంది. వెనక పొయ్యి. వెచ్చగా ఉంటాయి. నా మడికి గోడెక్కడుంది?"

అందరూ తలలూపారు. మా ఊళ్ళో ఏ మొక్కకి ఏమైనా నేరం ముందు సోఫియా మీదే వేస్తారు. ఆ రోజు నేనూ తలూపాను.

నెలాఖరులో పట్నం నుంచి తోటల ఆఫీసరమ్మ వచ్చింది. పొడుగాటి మనిషి, రబ్బరు బూట్లు వేసుకుని వచ్చింది. మడి పొడుగునా నడిచింది. బోర్డు చదివింది. మళ్ళీ మడి చూసింది.

"ఇవేనా?"

"ఇవే మేడం. చలి తగిలింది. వచ్చే ఏడు చూడండి..."

"ఇది మామూలు తవూవా కదండీ. మా ఆఫీసు వెనక కంచెకి ఉన్నది ఇదే." ఆవిడ మాటలో వెటకారం లేదు. అదే ఆయనకి ఎక్కువ తగిలినట్టుంది. "రాగి రంగుదని కదా చెప్పారు?"

జెనోన్ బాబాయ్ టోపీ తీసి చేతుల్లో తిప్పాడు. అదే టోపీ. ఇర్మీనా పిన్ని వాకిట్లో కాఫీ, ఈస్టు కేకు పెట్టుకుని ఎదురుచూస్తోంది. ఆఫీసరమ్మ కాఫీ కూడా తాగకుండా కారెక్కింది. కారు మా ఇంటి ముందు కొంచెం నిదానించింది. గోడ పక్కన స్తేఫాలు అప్పుడు పూర్తి రంగులో ఉన్నాయి. ఆగుతుందేమో అనుకున్నాను. ఆగలేదు. పట్నం చౌకులో ఆ ఏడు బంతిపూలు వేశారని తర్వాత తెలిసింది.

ఆ సాయంత్రం బోర్డు పోయింది. పిన్నే పీకి పొయ్యిలో పెట్టిందని గేన్యా అత్త చెప్పింది. నిజమో కాదో.

* * *

జూన్‌లో పీఠం వంతు మళ్ళీ మాకే. మూడేళ్ళకోసారి తిరిగి వస్తుంది.

అమ్మ పొద్దున్నే లేచి స్తేఫాలని కుండీల్లోకి ఎత్తింది. కొమ్మల మీద పూలు గుత్తులుగా విచ్చాయి. కింద తేనె రంగు ఆకులు, కొసల్లో రాగి. ఈసారి చెక్క మీద తెల్లరంగుతో పేరు రాసి కుండీకి ఆనించింది: స్తేఫా. అక్షరాలు వంకరగా వచ్చాయి. తుడిచి మళ్ళీ రాయమన్నాను. "వంకరగానే ఉండనీ. చదవడానికి వస్తుందిగా," అంది.

ఊరేగింపు వచ్చింది. ముందు తెల్లగౌన్ల పిల్లలు రేకులు చల్లుతూ, వెనక గంటలు, వెనక ఫాదర్ గారు. ఆయన మీద పట్టే పందిరిగుడ్డకి నాలుగు కర్రలు, నలుగురు మనుషులు. ముందు కుడి కర్ర జెనోన్ బాబాయ్‌ది. మా పీఠం ముందు ఆగినప్పుడు ఆయనకీ కుండీకీ మధ్య చెయ్యి చాపితే అందేంత దూరం. సువార్త చదివినంతసేపూ ఆయన కళ్ళు కర్ర మీదే ఉన్నాయి.

దీవెన అయింది. మోకరిల్లిన జనం లేచి మోకాళ్ళు దులుపుకుని బర్చ్ మీద పడ్డారు.

"ఇదేం పువ్వు, స్తెఫానియా?" గేన్యా అత్త కావాలనే గట్టిగా అడిగింది. "సాండ్రాయా?"

"చదువు."

"కళ్ళజోడు ఇంట్లో ఉంది."

"స్తేఫా. ఎడ్ముంద్ పెట్టిన పేరు."

"మరి సాండ్రా ఏదీ?"

"సాండ్రా పచ్చగా ఉంటుంది, గేన్యా. కలుపు తీసింది నువ్వేగా."

నవ్వు వరస పొడుగునా పాకింది. ఈసారి అమ్మ నవ్వలేదు. అందరికీ వినబడింది, అందరూ చదివారు. ఆమెకి కావలసింది అంతే అనుకున్నాను.

జెనోన్ బాబాయ్ కర్రని పక్కవాడికి ఇచ్చి కుండీ దగ్గరికి వచ్చాడు. ఆయన్ని ఎవరూ ఆపకూడదు. ఆయన చెయ్యి చాచాడు. అమ్మ ఏప్రన్ జేబులోంచి నాన్న కత్తెర తీసి పిడి ఆయన వైపు తిప్పి పట్టుకుంది.

"చేత్తో విరిస్తే తొక్క చీలుతుంది, జెనోన్. దీంతో కొయ్యి."

ఆయన తీసుకున్నాడు. ఒక లేత కొమ్మ కోశాడు. కోసి వెంటనే వెళ్ళలేదు. వంగి ఆకుల చాటున పొద లోపలికి చూశాడు. అక్కడ సగం ఎత్తులో పాత గాట్లున్నాయి. ఆయన వేలు ఒక గాటు మీదకి వెళ్ళి ఆగింది.

"స్తెఫానియా..."

"చెప్పు."

అమ్మ నిజంగానే ఎదురుచూసింది. అప్పుడు అడిగి ఉంటే చెప్పేది. అది నాకు ఇప్పటికీ తెలుసు. ఇర్మీనా పిన్ని జనంలోంచి రెండడుగులు ముందుకొచ్చి, రెండు చేతులూ గుండెల మీద పెట్టుకుని నిలబడింది.

ఆయన వెనక్కి తిరిగి చూశాడు. ఊరంతా ఉంది.

"నీకు గోడ కలిసొచ్చింది," అన్నాడు. "వెచ్చటి గోడ. అదృష్టం."

"అవును," అంది అమ్మ. "గోడ మంచిది." కత్తెర వెనక్కి తీసుకుని, తనే ఇంకో మూడు కొమ్మలు కోసింది. వెతికి వెతికి మంచివే కోసింది. ఆయన టోపీలో పెట్టింది.

"తీసుకో జెనోన్. దీవెన అన్ని కొమ్మల మీదా ఒకేలా పడుతుంది."

* * *

ఇప్పుడు గాజు షెడ్డు నిండా మా మొక్కలే. ఒక్కో కుండీకీ ఒక చెక్కముక్క, ఒక్కోదాని మీద అమ్మ వంకర రాత. ఇర్మీనా పిన్ని రోడ్డు మీద ఎదురైతే తల ఊపుతుంది, ఆగదు. దోసకాయలు అమ్మా నేనే ఊరేస్తాం.

ఆ రోజు టోపీలో వెళ్ళిన కొమ్మలూ వేళ్ళు వేశాయి. వాటి నుంచి ఇంకొన్ని. రోడ్డు పక్క మడిలో మళ్ళీ రాగి చిగుళ్ళు కనబడుతూ వచ్చాయి. ఈసారి బోర్డు లేదు. ఈ చలికాలంలో జెనోన్ బాబాయ్ పట్నం నుంచి తెల్లటి గుడ్డ చుట్టలు చుట్టలుగా తెప్పించాడు. మే నెల చలికి మడంతా కప్పుతాడట. సోఫియా ఆటలు ఈసారి తన దగ్గర సాగవని అందరితో అంటున్నాడు.

వాటికి ఇది మూడో ఏడు. ఇవాళ జోజప్ప పండుగ.

నన్ను పనికి పిలవలేదు. పొద్దున్న అమ్మ రొట్టెపిండి పిసుకుతుంటే నేను కిటికీ తెరిచాను. రోడ్డు అవతల నుంచి కత్తెర చప్పుడు వచ్చింది. లేత కొమ్మని పైన కోస్తే టిక్కుమని చిన్నగా వినబడుతుంది. మొదట్లో ముదురు కాడని కోస్తే బొంగురుగా, కరకరమని నలుగుతుంది.

అమ్మ చేతులు పిండిలో ఆగిపోయాయి. తల కొంచెం వాల్చి వింది.

"పిడికెడే," అంది. మళ్ళీ పిసకడం మొదలుపెట్టింది.

నేను కిటికీ రెండో రెక్క కూడా తెరిచాను.